పాలపన్ను ఊడేలోపు

తెల్లారగానే ఉయ్యూరు పక్కనున్న ఆ సాలెవీధి పొడుగునా పడుగులు పరుచుకునేవి. నూలు చాచి, గుంజలకు బిగించి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వాలి. ఆ ఏటవాలు ఎండలో పెద్దవాళ్ల నీడలు మామూలుగానే పడేవి. పిల్లల నీడలు మాత్రం, వాళ్లు పెద్దయ్యాక ఎలా ఉంటారో అలా పడేవి. మొదటి పాలపన్ను ఊడేదాకా ఆ నీడ మారుతూనే ఉంటుంది. ఊడిన రోజు ఎలా ఉంటే అలాగే స్థిరపడుతుంది. అందుకే అక్కడ సంబంధాలు మాట్లాడేవాళ్లు జాతకాల జోలికి పోయేవారు కాదు.

సుబ్బరత్నం కూతురు శివపార్వతికి ఆరేళ్లు. ఆ పిల్ల నీడ నడివయసు ఆడమనిషిది. నడుము వంచి, దెబ్బ కాచుకుంటున్నట్టు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఉంటుంది.

"బంగారంలాంటి నీడ. అత్తింట్లో నోరెత్తదు," అని నాయనమ్మ వెంకటరావమ్మ మురిసిపోయేది.

సుబ్బరత్నమూ మొదట్లో మురిసింది. పిల్ల ఎదురు చెబితే తొడపాశం పెట్టేది. తప్పు చేసినా చెయ్యకపోయినా 'తప్పయింది' అనిపించేది. అన్న ప్రతిసారీ నీడ ఇంకొంచెం వంగేది. ఆ చేతులు దేనికి అడ్డమో అర్థమైన రోజు నుంచి ఆ తల్లికి ముద్ద దిగలేదు. ఇప్పుడు కింది పన్ను వేలాడుతోంది. నాలుకతో తోస్తే చాలు.

అవి యుద్ధం రోజులు. సుబ్బరత్నం మొగుడు చౌడయ్య బెజవాడలో రెండ్రోజులు పడిగాపులు కాసి, రేషను కార్డు మీద తెచ్చిన నూలుతో పడుగు పరిచారు. ఆ ఉదయం వెంకటరావమ్మ గంజికుండ చంకనెత్తుకుని వస్తూ గుంజకు కట్టిన తాడు చూసుకోలేదు. కాలు తగిలి గుంజ ఊడింది. పడుగు బురదలో పడి, నూరు పోగులు తెగాయి. గుంజ పక్కన శివపార్వతి ఉంది.

"గుంజ పట్టుకుని ఊగింది నువ్వేనే!" ముసలావిడ అరిచింది. చౌడయ్య మొహం జేవురించుకుని పరుగున వచ్చాడు.

"నేను కాదు నాయనమ్మా. నీ కాలే తగిలింది."

"చూశావుట్రా, నన్నే అంటోంది! ఏమే సుబ్బరత్నం, దానిచేత తప్పయిందనిపించు."

వీధంతా పని ఆపి చూస్తోంది. పిల్ల చిగురు నెత్తురోడుతోంది. నీడ తల మోకాళ్లకు ఆనేటంతగా వంగుతోంది. ఒక్క మాట అనిపిస్తే ఇల్లు చల్లబడుతుంది. తొమ్మిదేళ్ల కాపురంలో తను అలా ఎన్నిసార్లు అందో సుబ్బరత్నానికే తెలుసు.

"దాని తప్పు కాదత్తయ్యా. మీ కాలు తగలడం నేను చూశాను."

చౌడయ్య చెయ్యి లేచింది. సుబ్బరత్నం పిల్లకు అడ్డంగా నిలబడింది. చేతులు మాత్రం మొహానికి అడ్డం పెట్టుకోలేదు.

"కొడితే కొట్టు. దానిచేత అబద్ధం ఆడించను."

ఎదురింటి రత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "నేనూ చూశాలే, చౌడయ్యా."

చౌడయ్య చెయ్యి దించి, ఎటో చూస్తూ గుంజ తీసుకున్నాడు.

పిల్ల తుపుక్కున ఉమ్మింది. పన్ను మట్టిలో పడింది. నీడ నడుము మీద చేతులేసుకుని నిటారుగా నిలబడింది.

"దీన్నింకెవడు చేసుకుంటాడే!" ముసలావిడ అరుగు మీద కూలబడింది.

సుబ్బరత్నం పడుగు ముందు కూర్చుని, "రావే, ముడులేద్దాం," అని పిలిచింది.

"తెంపింది నాయనమ్మ. నాయనమ్మనే వెయ్యమను," అంది శివపార్వతి.

సుబ్బరత్నానికి నవ్వు ఆగలేదు. ఆ వెంటనే, ఇకనుంచి ఈ పిల్లతో వేగాల్సింది తనేనని గుండె గుభేలుమంది.