ఒక్క నూట నాలుగు

మా వంటింట్లో పోపుల డబ్బాలు రెండున్నాయి. ఒకదానిలో ఆవాలు, జీలకర్ర, మెంతులు. రెండోదానిలో కెపాసిటర్లు. సాయంత్రం అంట్లు తోమడం అయ్యాక అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, ఆ రెండో డబ్బా ముందు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. "సింధూ, రామ్మా, కాసేపు చదివి పెట్టు" అంటుంది.

ఉయ్యూరులో మా ఇంటి ముందు గదే నాన్న రిపేరు షాపు. పాత టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తారు. వాటిలో వేసే కెపాసిటర్లు విజయవాడ వన్ టౌన్ నుంచి కలగలుపు సంచుల్లో తెస్తారు. ఏరకుండా అమ్ముతారు కాబట్టి చవక. ఏరేది అమ్మ. కందిగింజంత గోధుమరంగు బిళ్ళ, దానికి రెండు తీగ కాళ్ళు, మీద చీమ తలంత అంకెలు. మొదటి రెండు అంకెలు ఉన్నవి ఉన్నట్టే, మూడోది వాటి పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో చెబుతుంది. 104 అంటే పది పక్కన నాలుగు సున్నాలు, కొలతలో లక్ష పికోఫారడ్లు. 103 అయితే పదివేలే. చూడ్డానికి రెండూ ఒకటే. అందుకని అమ్మ ఆవాల గిన్నె ఉండే చోట 104, జీలకర్ర చోట 103, మెంతుల చోట 473 వేసుకుంది. నాన్న ముందు గదిలోంచి "వన్ నాట్ ఫోర్ ఒకటి పట్రా" అని కేకేస్తే, తాలింపు కలుపుతూనే చెయ్యి చాచి తీసిచ్చేది. షాపుకి వచ్చినవాళ్ళు "మీ ఆవిడకి కూడా పని నేర్పారే" అంటే నాన్న నవ్వేవారు. "పనేముందండీ, బియ్యంలో రాళ్ళు ఏరినట్టేగా. ఖాళీగానే ఉంటది."

అమ్మకి ఆ అంకెలు ఎప్పుడు మసకబారాయో నాకు తెలియదు. మొదట సూదిలో దారం నాతో ఎక్కించుకుంది. తర్వాత ముళ్ళు తీసి కలిపి పెట్టిన చేపల పులుసన్నంలో ముల్లు వచ్చిందని నాన్నమ్మ, "నీ కళ్ళు ఏ దేవుడికి మొక్కావే?" అంది. ఆ తర్వాత ఒకరోజు నేను బడికి వెళ్ళినప్పుడు అమ్మ ఒక్కతే సంచి ఏరింది. ఆ వారం మా వీధి రాజ్యలక్ష్మి గారు బాగుచేయించుకున్న ఆంప్లిఫయరు మళ్ళీ వెనక్కొచ్చింది. 104 పెట్టాల్సిన చోట 103 ఉంది. నాన్న అమ్మని ముందు గదిలోకి పిలిచి, ఆవిడ ఎదురుగానే, "ఇది నీ పప్పుచారు కాదే, ఉప్పెక్కువైతే కాసిని నీళ్ళు పోసుకోడానికి" అన్నారు. రాజ్యలక్ష్మి గారు గోడ మీద క్యాలెండరు చూశారు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. కనిపించలేదు అనలేదు. "చూసుకోలేదండీ" అంది.

నాన్నకి కళ్ళజోడు ఉంది. అమ్మ ఒకసారి అడిగితే, "ఇంట్లో ఉండేదానికి నీకెందుకు? కూతురి కళ్ళున్నాయిగా" అన్నారు. అప్పటినుంచి అమ్మ నేను బడి నుంచి వచ్చేదాకా సంచి విప్పలేదు.

ఈ ఏడు పదో తరగతి పాసయ్యాక నాకు విజయవాడ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. నాన్న అన్నం తింటూ, "ఇక్కడే ఇంటర్ చదువుకో. నువ్వు వెళితే మీ అమ్మకి నంబర్లు ఎవరు చదివి పెడతారు?" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నా గొంతు లోపలే ఉండిపోతుంది. మజ్జిగ పోస్తున్న అమ్మ అంది, "నాకు కనిపిస్తున్నాయండీ. దానికి పని రావాలని చదివిస్తున్నా, అంతే."

నాన్న చెయ్యి కడుక్కుని, కొత్త సంచిలోంచి ఒక గుప్పెడు తీసి పళ్ళెంలో పోశారు. "ఏదీ, చెప్పు చూద్దాం." ఆయన కళ్ళజోడు షాపు బల్ల మీద ఉంది. "సింధూ, నువ్వు సరిచూడు" అన్నారు.

అమ్మ ఒక బిళ్ళ తీసి కిటికీ వైపు పట్టుకుంది. దూరంగా జరిపింది, దగ్గరికి తెచ్చింది. "నూట నాలుగు" అంది. నా చేతిలో పెట్టింది. చూశాను. 103. తల ఎత్తితే అమ్మ బిళ్ళని చూడటం లేదు, నా ముఖం చూస్తోంది.

"అవును నాన్నా" అన్నాను.

రెండోది కూడా నూట నాలుగే అంది. అది 473. అవునన్నాను. ఆ తర్వాత నేను అంకెలు చూడటం మానేశాను. చూస్తే నా ముఖంలో తెలిసిపోతుందని భయం. అమ్మ చెబుతూనే ఉంది, నూట నాలుగు, నూట నాలుగు.

"అన్నీ అవేనా?" నాన్నకి అనుమానం వచ్చింది.

"ఈసారి సంచిలో ఎక్కువ అవే వచ్చాయి నాన్నా" అన్నాను. నాన్నతో నేను అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదలు. ఆయన లేచి, "సరే, వెళ్ళనీ" అన్నారు.

ఫీజు కట్టి, నా పెట్టె హాస్టల్లో పెట్టి వచ్చారు నాన్న. మర్నాడు పొద్దున బస్సెక్కించడానికి అమ్మ వచ్చింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాక, బయటినుంచి చెయ్యి చాచి పాత చీరముక్కలో కట్టిన చిన్న మూట నా ఒళ్ళో పెట్టింది.

"ఆవేళ్టి పళ్ళెంలోవి. డబ్బాలో వెయ్యలేదు. ఎవరి సెట్టో పాడైపోతుంది."

నేను మూట ముడి బిగించాను.

"ఇంటికెళ్ళి మీ నాన్నకి చెప్పేస్తా, కనిపించడం లేదని. కళ్ళజోడు వచ్చేదాకా సంచి ముట్టుకోను. అరుస్తారు. నీకు ఫోన్ చేసి వచ్చెయ్యమంటారు. నువ్వు మాత్రం రాకు."

డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. అమ్మ కిటికీ ఊచ పట్టుకుని పక్కనే నాలుగడుగులు నడిచింది. అప్పుడు అడిగింది, చాలా చిన్నగా, "ఒక్కటన్నా సరిగ్గా చెప్పానా?"

"చెప్పావమ్మా" అన్నాను.

కంకిపాడు దాటాక మూట విప్పాను. ఒక్కో బిళ్ళా తీసి వెలుతురుకి పట్టుకున్నాను. నూట మూడు. నూట మూడు. నాలుగొందల డెబ్బై మూడు. అమ్మకి వినిపించేలా పైకి చదవడం అలవాటైపోయింది, అలాగే చదువుతున్నాను. చదివినవి అరచేతిలో పోగవుతున్నాయి. మూటలో కొన్నే మిగిలాయి.

పక్క సీటావిడ ఒంగి చూసి, "ఏం పోయిందమ్మా? ఏం వెతుకుతున్నావ్?" అంది.

"ఒక్క నూట నాలుగండీ" అన్నాను.