టవరు కింద పదకొండు నెలలు

మొగుడు మట్టయ్య ఆటో తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ పోగానే అండాలమ్మ అన్నం గిన్నె దించి, తోటకూర కట్ట ముందేసుకుని, డాబా మీద సెల్ టవరు కాలికి వీపు ఆనించి కూర్చుంటుంది. కొత్తపేటలో ఆ మూడంతస్తుల ఇంటి మీద టవరు లేచిన రోజు నుంచి నాలుగు గల్లీల్లో ఎవరు ఫోన్లో మాట్లాడినా ఆమెకు వినబడుతుంది. కొందరికి మోకాళ్ల నొప్పులుంటాయి, ఈమెకు ఇది.

కింది వాటా అరుణమ్మ మెట్ల మీంచే అడుగుతుంది. "మా ఆయన పొద్దుగాల ఎవరితోని మాట్లాడిండే?"

"మీ ఆడబిడ్డతోని. ఇద్దరు కలిసి నిన్నే తిట్టిండ్రు."

"అనుకున్న," అని అరుణమ్మ పొయ్యి మీది పప్పు చూసుకోవడానికి పోతుంది.

అండాలమ్మ అక్కడ కూర్చునేది ఈ ముచ్చట్ల కోసం కాదు. సకల జనుల సమ్మెలో బస్సు మీద రాళ్లు పడ్డ రోజు, డిగ్రీ చదివే ఆమె కొడుకు అభిలాష్ పేరు కూడా కేసులో రాశారు. వాడు ఆ సాయంత్రమే ఇల్లు వదిలి పోయాడు. ఇంటికి ఫోన్ చేస్తే జాడ పట్టేస్తారని ఎవరో చెబితే, కొడుకు దొరికిపోకూడదని మట్టయ్య తమ సిమ్ము విరిచి మోరీలో పారేశాడు. అండాలమ్మే పారెయ్యమంది. వాడి నంబరూ మూగబోయింది. కేసు ఎత్తేసి ఆర్నెల్లయింది, ఆ మాట వాడికి చేరేసే దారి లేదు. పదకొండు నెలలుగా ఊళ్లోవాళ్ల గొంతులన్నీ వింటూ, అందులో ఒక్క గొంతు కోసం వెతికి వెతికి మనిషి సగమైపోయింది.

ఆగస్టు ఆఖరి రోజున ఇంటి ఓనరు చక్రపాణి ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని పైకొచ్చాడు. గుడివాడ వైపు మనిషి, చెడ్డవాడు కాదు.

"అండాలమ్మా, రేపట్నుంచి కొత్త రూలంట. టవర్ల రేడియేషను ఇప్పుడున్న హద్దులో పదోవంతు దాటకూడదంట. తలనొప్పులొస్తున్నాయని కాలనీవాళ్లు అర్జీ కూడా పెట్టారు. ఎక్కువుంటే తగ్గించేస్తారు."

ఇప్పుడే అంతంతమాత్రం వినబడుతుంటే, ఇంకా తగ్గిస్తే ఏం మిగులుతుంది?

"నీ కాళ్లు మొక్కుత సార్, తగ్గియ్యొద్దు. నా కొడుకు గొంతు ఇంకా దొరకలే."

"నా చేతిలో ఏముందమ్మా," అన్నాడు చక్రపాణి, తల దించుకుని.

ఇంజనీరు పేరు నాగార్జున. మీటరు పట్టుకుని డాబా అంతా తిరిగి, ఆమె వీపు రాసుకుని నున్నబడ్డ టవరు కాలి దగ్గర ఆగాడు. మీటరు మీద అంకె కదల్లేదు.

"ఇక్కడ కూర్చునా వింటున్నారు?" అన్నాడు. "అన్నిటికంటే తక్కువ ఇక్కడేనమ్మా. టార్చిలైటు లాగా ఇది ఎదురుగా కొడుతుంది, కిందంతా చీకటే. జోరంతా ఆ ఎదురు డాబా మీదుంది. అక్కడ కొలిచే వచ్చాను, కొత్త హద్దు దాటింది."

ఎంత దగ్గర కూర్చుంటే అంత బాగా వినబడుతుందనుకుంది పిచ్చితల్లి. మనమైనా అంతే అనుకునేవాళ్లం.

"బిడ్డా, జర ఆగు. పావుగంట చాలు."

నాగార్జున ఆమె మొహం చూశాడు. "టీ తాగొస్తానండి," అని చక్రపాణితో చెప్పి, ఎటూ పోకుండా అక్కడే నిలబడ్డాడు.

ఆమె మెట్లు దిగి, గల్లీ దాటి, ఎదురింటి మూడంతస్తులూ ఎక్కింది. గొంతులు ఒక్కసారిగా మీదపడ్డాయి. పెళ్లిసంబంధాలు, కోచింగు ఫీజులు, వచ్చే నెల మార్చ్‌కు ఎన్ని బండ్లలో రావాలన్న మాటలు. ఆమె చెవులు మూసుకుని అన్నిటినీ తోసుకుంటూ పోయింది. అప్పుడు దొరికింది. వెనక బత్తాయిల వేలం కేకలు.

"అమ్మా..."

నంబరు వాడుకలో లేదని రికార్డు చెబుతూనే ఉంది. వాడు దాని మీదే మాట్లాడుతున్నాడు.

"దినాం చేస్తున్ననే. నేనొద్దనే నంబరు తీసేసిండ్రని సమజైంది. ఇయ్యాల ఢిల్లీ లోడు మీద పోతున్న. మళ్ల చెయ్య."

పండ్ల మార్కెట్! నడిస్తే పది నిమిషాల దూరం. రోజూ అక్కడి నుంచే!

"ఉండురా!" అని అరిచింది. వినడమే గానీ వినిపించడం ఆమెకు ఏనాడూ రాలేదు.

చెప్పులు లేకుండా పరిగెత్తింది. రోడ్డు దాటుతుండగా చెవుల్లో గొంతులు సన్నబడ్డాయి, మార్కెట్ గేటు దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. టవరు జోరు తగ్గించేశారు. పాపం నాగార్జున ఆగగలిగినంత సేపు ఆగాడు. లోపల ఇరవై ముప్పై లారీలు, అన్నిటి మీదా బత్తాయిలే, అన్నిటి మీదా తువాలు చుట్టుకున్న మనుషులే. ఏ లారీయో చెప్పే గొంతు ఒక్కటీ లేదు. ఒక లారీ అప్పుడే కదులుతోంది. అండాలమ్మ మట్టిలో నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి కొడుకును పేరు పెట్టి పిలిచింది. హమాలీలు తిరిగి చూశారు. మళ్లీ పిలిచింది. గొంతు చీరుకుపోయింది.

కదిలే లారీ మీంచి ఒకడు దూకాడు. గడ్డం మాసింది, భుజాలు ఒరుసుకుపోయాయి. దగ్గరికొచ్చి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"ఫోనెందుకు బంద్ పెట్టినవ్?" అన్నాడు.

అండాలమ్మ వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

"నువ్వు చేస్తే నిన్ను పట్టుకపోతరని," అంది.