తమ్ముడి కత్తి కింద నా గడ్డం

మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ ఎడమ కన్ను మెల్ల. వాడిది కటింగ్ షాపు. పాతవాళ్ళకి అలవాటే. కొత్తవాళ్ళు మాత్రం కత్తి గొంతు దగ్గరికి వచ్చేసరికి, వీడు తలుపు వైపు చూస్తున్నాడనుకుని లేచిపోతారు. పక్క కుర్చీ దగ్గర పనిచేసే వాడి అల్లుడికి మాత్రం పనితో ఊపిరాడదు. అల్లుడి దగ్గర తమ వంతు వచ్చేదాకా జనం వీడి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటారు. అది చూడలేక, యాభై దాటాక కంటి ఆసుపత్రికి బయల్దేరాడు. తోడు నేను.

ఈ వయసులో మంచి కంటికి పట్టీ కట్టినా మెల్లకంటికి చూపు పెద్దగా పెరగదంది డాక్టరమ్మ. కండరాలకి ఆపరేషన్ చేస్తే కన్ను తిన్నగా నిలుస్తుందట. కాకపోతే మెదడు ఆ కంటి చూపుని ఎప్పుడో పక్కన పెట్టేసింది, ఇప్పుడు తిన్నగా చేస్తే ఒకటి రెండుగా కనిపించొచ్చట. అది ముందే తేల్చుకోవడానికి వాడి కళ్ళద్దాల మీద ఒక పొర అంటించింది. ఆపరేషన్ అయ్యాక ఎలా కనిపిస్తుందో దీంతో అలా కనిపిస్తుంది, ఇంట్లోనే పెట్టుకో, కత్తి మాత్రం పట్టొద్దంది.

వాడికి కాలు నిలవలేదు. కూర్చుంటాడు, లేస్తాడు, కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెడతాడు. మర్నాడు పొద్దున్నే, అల్లుడు రాకముందే, నన్ను షాపుకి లాక్కెళ్ళి కుర్చీలో కూలేశాడు. నురగ పూశాడు. కత్తి దగ్గరికొచ్చింది, ఆగింది, వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది.

"ఏంట్రా?"

"నీకు రెండు ముక్కులున్నాయన్నయ్యా."

"అసలుది పట్టుకో."

"వెతుక్కుంటున్నా. కదలకు."

వాడు కాసేపు చూసి కత్తి మడిచేశాడు.

ఈ సంగతి విని డాక్టరమ్మ ఇద్దరికీ బాగా తలంటింది. తర్వాత పొరలు మార్చి మార్చి చూసింది. తక్కువ పవరున్న ఒకదానితో వాడికి ఒకటే కనిపించింది. అంతవరకే సరిచేస్తే మంచిది, కాస్త మెల్ల మిగులుతుంది అంది.

"మిగిలితే జనం కూర్చుంటారా?" అని వాడు నన్నడిగాడు, ఆవిడని కాదు. అంతలో వాడే ఆవిడ వైపు తిరిగాడు.

"కూర్చోకపోతే పోయారు. ఎవరికీ తెగకూడదు. మిగలనివ్వండమ్మా," అన్నాడు.

ఆపరేషనైంది, ఎరుపు తగ్గింది, కత్తి పట్టొచ్చన్నారు. ఆ వారం ఒక కొత్తాయన వచ్చి, అల్లుడి దగ్గర జనం ఉంటే, వీడి కుర్చీలో కూర్చున్నాడు. పేపరు అందుకోబోతుంటే తమ్ముడు తువ్వాలు కప్పేశాడు. నేను బెంచీ మీద కూర్చోలేక గుమ్మంలోకెళ్ళి నిలబడ్డాను. ఆయన అద్దంలో వీడి కళ్ళకేసి ఒకసారి చూశాడు, ఇంకోసారి చూశాడు. కత్తి చెంప దగ్గరికొచ్చింది. ఆయన చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి.

ఆయన లేవలేదు. కాసేపటికి కళ్ళు మూసుకున్నాడు.

"మీసం ఉంచాలా, తీసేయాలా?" అని అడిగాడు తమ్ముడు.