ఎద్దుకు బెల్లం, మీసానికి మంట

మా కాటుక ఉరుముకు బెదిరే ఎద్దు కాదు. ఒకసారి దొడ్డి గోడ మీద పిడుగు పడితే, ఎవరో తలుపు తట్టారనుకుని తల తిప్పి చూసి మళ్ళీ నెమరు వేసుకున్నాడు. నమ్మకపోతే మా ఇంటామె లక్ష్మీకాంతమ్మను అడగండి. నేను చెప్పేవి ఒక్కటీ నమ్మదు గానీ, దీన్ని మాత్రం కాదనదు.

అలాంటి కాటుకను ఒక కారు బెదరగొట్టింది.

జమ్మలమడుగు దగ్గర తిరునాళ్ళలో బండలాగుడు పోటీ. పులివెందుల పక్క ఊరి ఆసామి ఓబుళరెడ్డి ఎద్దులు అప్పటికే లాగేసి, ముందు నిలిచాయి. ఆయనకు ఎద్దులంటే ఒక ప్రాణం, తన మీసమంటే రెండు ప్రాణాలు. తర్వాత కాడి కిందికి మా కాటుక, వాడి జోడెద్దు వచ్చాయి. బండ కదిలింది. ఓబుళరెడ్డి ఎద్దులు ఆగిన గీత ఇంకో నాలుగు బారల దూరంలో ఉంది. జనం ఈలలు, డప్పులు. కాటుక చెవి కూడా ఆడించలేదు.

అప్పుడు జనానికి అడ్డంగా కట్టిన తాడు పక్కనే ఆపి ఉన్న ఒక కారు గర్రుమంది. నేలకు పొట్ట ఆనించుకున్నట్టుండే పొట్టి కారు. వెనక సైలెన్సర్ గొట్టం చెంబంత లావు. గర్రు గర్రుమని రేగి, ఒక్కసారి ఆగి, ఢాం! ఢాం! గొట్టంలోంచి నాలుకలాగా మంట దూకి కాటుక తొడ దగ్గర ఆడింది. కాటుక కాడి విదిలించుకుని, బండనూ నన్నూ వదిలేసి, శనగచేలకు అడ్డంపడి పోయాడు.

కారులోంచి దిగినవాడు ఓబుళరెడ్డి మేనల్లుడు గిరీష్. కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని అడిగాడు:

"ఏం పెద్దాయనా, మీ ఎద్దుకు దీపావళి తెలీదా?"

జనం నవ్వారు. ఓబుళరెడ్డి మీసం దువ్వుకుంటూ, "మా అల్లుడు చిన్నపిల్లోడు లే శ్రీపతీ. ఏదో సరదా పడినాడు. పందెం పందెమే" అన్నాడు.

మాటకు మాట అక్కడికక్కడే అనేవాడు ఉత్త కోపిష్టి. నేను ఆ మాటను పంచె కొంగున ముడివేసుకుని ఇంటికొచ్చాను.

ఆ రోజునుంచి కాటుక కాడి కిందికి రాలేదు. కుక్కర్ కూత వేస్తే పలుపు తెంపుకుంటాడు. చివరికి చారుకు తిరగవాత వేస్తే, ఆవాలు చిటపటమన్నందుకు మేత వేసే గాడి ఎక్కి నిలబడ్డాడు. ఆ వేసవంతా మా ఇంట్లో తిరగవాత లేని చారే.

"మనిషికి దయ్యం పడితే తాయెత్తు కడతారు" అంది లక్ష్మీకాంతమ్మ. "ఎద్దుకు ఆవాల దయ్యం పట్టిందని ఎవురితో చెప్పుకోవాలయ్యా? ఈ చారు తాగలేక నాకే దయ్యం పట్టేట్టుంది."

శత్రువును కొట్టాలంటే ముందు వాడి ఆయుధం ఏమిటో తెలియాలి. బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాను. అక్కడ కార్ల మెకానిక్ జియావుల్లా నా పాత స్నేహితుడి కొడుకు. ఒక జీపు కింద పడుకుని ఉంటే, బయటికి కనబడే కాళ్ళతోనే మాట కలిపాను.

"జియావుల్లా, ఆ గిరీష్‌గాడు కారులో టపాకాయలు యాడ పెట్టుకోనుండాడు?"

"టపాకాయలూ లేవు, ఏమీ లేవు మామా. అది పెట్రోలే" అంటూ జీపు కిందినుంచి తల బయటపెట్టాడు. "మామూలు కారులో యాక్సిలరేటర్ మీంచి కాలెత్తితే ఇంజన్‌కు పెట్రోలు ఆగిపోతాది. ఈయన బెంగళూరులో ఎవురి చేతనో కారు కంప్యూటర్‌ను మార్పించినాడు. కాలెత్తినా పెట్రోలు పడతానే ఉంటాది, దాన్ని కాల్చే రవ్వేమో ఆలస్యంగా వస్తాది. సగం పెట్రోలు కాలకుండానే సైలెన్సర్‌లోకి పోతాది. ఆడ గొట్టం పెనం మాదిరి కాగింటాది కదా, గాలి తగిలి భగ్గుమంటాది. పొగను శుభ్రం చేసే జల్లెడ లాంటిది ఒకటుంటాది లోపల. దాన్ని గూడా పీకి పారేసినాడు. ఇంగ మంటకు అడ్డమేముంది?"

"అంటే తిన్నది కడుపులో అరక్క, తోకలో అరుగుతాంది."

"అట్లే అనుకో."

"అజీర్తి కారు! పాపం, వాము నమిలించేవాడు లేకపోయినాడే."

"నవ్వులాటగాదు మామా. గొట్టం ఎంత కాగితే మంట అంత పొడుగు. బాగా రేగించి టక్కున కాలెత్తితే మూరెడు వస్తాది. గడ్డివామి పక్కన ఆడినాడంటే ఊరే పోతాది."

మూరెడు! ఆ మాట చెవిలో పడగానే నాకు గడ్డివామి కనబడలేదు. ఒక మీసం కనబడింది.

ఊరికి వస్తూ బెల్లం దిమ్మె కొన్నాను. మా ఆమె చేత దొడ్డికి దూరంగా, కళ్ళం చివర పొయ్యి పెట్టించాను. అక్కడ ఆవాలు చిటపటమంటే ఇక్కడ కాటుక నోట్లో బెల్లం ముక్క. పొయ్యి రోజుకు కొంచెం దగ్గరికి జరిగింది. కొన్నాళ్ళకు ఆవాలు చిటపటమంటే చాలు, కాటుక వంటింటి గుమ్మంలో మూతి పెట్టి నాలుక చాచేవాడు. తర్వాత టపాకాయలు. ఢామంటే బెల్లం, ఢామంటే బెల్లం. ఒకరోజు ఎవరింట్లోనో పెళ్ళికి బాంబులు కాలిస్తే, కాటుక పెళ్ళిపందిట్లోకే పోయి నిలబడ్డాడు.

"మళ్ళీ పోటీకి తోలుకుపోతాండావా?" అని అడిగింది మా ఆమె.

"పోటీకి గాదు. పేరంటానికి" అన్నాను.

ఓబుళరెడ్డి తన ఊళ్ళోనే పోటీ పెట్టాడు. కాటుకనూ జోడెద్దునూ తోలుకుపోయి మైదానం చివర కట్టేశాను. మైదానం వాకిట్లో రెండు వెదురు గడలకు పెద్ద ఫ్లెక్సీ. నల్లటి రంగు మీద తెల్లచొక్కాతో ఓబుళరెడ్డి నిలువెత్తు బొమ్మ, ఒక్కో మీసం మోచేతి పొడుగు. ఫ్లెక్సీల సంగతి మీకు తెలిసిందే కదా. పెద్దమనిషి పైన ఉంటాడు, అనుచరుల తలకాయలు అడుగున వరుసగా ఉంటాయి. ఆ వరుస మధ్యలో గిరీష్, నేలకు జానెడు ఎత్తున. సరిగ్గా కారు సైలెన్సర్ ఎత్తున. దాని కింద రంగుకాగితాల తోరణం ఎవరు కట్టారో నాకు తెలియదు. ఆ పొద్దు నా జేబులో పురికొస ఉండ ఎందుకుందో కూడా తెలియదు.

గిరీష్ కారు దగ్గరికి పోయి చేతులు కట్టుకున్నాను.

"అప్పా, ఒక మాట. నీ కారు మంట కక్కేది ఉత్త అబద్ధమంట. ఫోన్లో అతికించిన బొమ్మంట. మావూరోళ్ళు అంటాండారు."

"ఎవుడన్నాడు? నీ కండ్లతో నువ్వే చూసినావు గదా తాతా!"

"నేను చూసినా. ముసిలోని మాట ఎవురు నమ్ముతారు? పట్టపగలు మంట సరిగ్గా కనపడదు గదా. వెనక నల్లగా ఏమన్నా ఉంటే వీడియోలో బాగా పడతాది." చుట్టూ చూసి తల గోక్కున్నాను. "మీ మామ ఫ్లెక్సీ నల్లగానే ఉండాది గానీ... వద్దులే, నీకు భయమేమో."

"నాకా భయం? మామ బొమ్మ గూడా వీడియోలో పడతాది. ఫోన్లు పట్టుకోండ్రా!"

కారును వెనక్కి తెచ్చి, తోకను ఫ్లెక్సీకి ఆనించినంత పని చేశాడు.

"బాగా రేగించప్పా" అన్నాను. "రేగించి రేగించి టక్కున కాలెత్తు. మూరెడు రావాల."

రేగించాడు. ఎత్తాడు. ఢాం!

మూరెడు కాదు, బారెడు వచ్చింది. మొదట తోరణం, తర్వాత అడుగు వరుసలో గిరీష్ ముఖం. అది ముడుచుకుని నల్లబడింది. మంట మామ పంచె పట్టుకుని ఎక్కి, బొత్తాలు లెక్కపెట్టుకుంటూ పోయి, మీసం రెండు కొనలకూ ఒకేసారి అంటుకుంది. దీపావళికి కాకరపువ్వొత్తులు కూడా అంత అందంగా కాలవు.

మా సీమలో ఫ్లెక్సీ కాల్చడమంటే మాటలు కాదు. అది పగవాడు చేసే పని. పొగ చూసి మైదానం నలుమూలల నుంచీ జనం లేచారు. "ఎవుడ్రా పెద్దాయన్ను కాల్చింది?" అని కట్టెలు పట్టుకుని పరుగెత్తి వచ్చి, గిరీష్‌ను చూసి, కట్టెలను ఏం చేయాలో తెలియక నిలబడిపోయారు. ఎద్దుల తొట్టి నీళ్ళు చల్లి మంట ఆర్పేసరికి రెండు వెదురు గడలు, ఒక చెప్పుల జత మిగిలాయి. బొమ్మలో చెప్పులు.

ఓబుళరెడ్డి వచ్చాడు. గడలకేసి చూశాడు, అల్లుడికేసి చూశాడు. చేయి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది, ఉందో లేదోనని.

"నా పగోళ్ళు ఇన్నేండ్లు చెయ్యలేని పని చేస్తివి గదరా అల్లుడా!"

"మామా, అది... వీడియో కోసం..."

నేను కొంగు ముడి విప్పాను.

"ఏం రెడ్డీ, మీ మీసానికి దీపావళి తెలీదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఓబుళరెడ్డి ముఖం కందగడ్డ అయింది. కోపం నా మీద చూపిస్తే పరువు ఇంకా పోతుంది. అల్లుడి మీదికి తిరిగాడు.

"ఈ బండి ఇంజన్ శబ్దం ఇంగొకసారి నా చెవిన పడితే కాళ్ళు ఇరుగుతాయి! నా వాకిట్లోనుంచి తీయండి దీన్ని. ఎద్దుల్ని కట్టి లాగండి!"

కట్టడానికి ఎద్దులేవి? ఆ ఢాం విని ఆయన ఎద్దులు గుంజలు పెరుక్కుని పోయాయి. మిగిలినవాళ్ళ ఎద్దులనూ మనుషులు వేళ్ళాడి పట్టుకుని ఉన్నారు. అప్పుడు ఆ పొగలోంచి, పలుపు ఈడ్చుకుంటూ, నాలుక చాచుకుంటూ ఒక ఎద్దు నింపాదిగా నడిచి వచ్చి కారు గొట్టం వాసన చూసింది.

మా కాటుక. బెల్లం కోసం వచ్చాడు.

కాడి ఎత్తాను. వాడు ఏమీ జరగనట్టు తల కిందికి పెట్టాడు. ఎన్నాళ్ళకు! నాకు కళ్ళు చెమర్చాయి. పొగ వల్లనని అందరితో చెప్పాను.

ఆ బెల్లంలోనే వాటా తిన్న జోడెద్దునూ తెచ్చి కట్టి, మోకు కారుకు తగిలించాం. దారి తప్పకుండా స్టీరింగ్ పట్టుకోవడానికి గిరీష్ లోపల కూర్చోక తప్పలేదు. పోటీ బాట పొడుగునా, జనం ఈలల మధ్య, కిక్కురుమనకుండా కారు సాగింది. అందరూ ఫోన్లు పట్టుకునే ఉన్నారు.

నడిమధ్యకు వచ్చాక కాటుక ఆగిపోయాడు.

"తాతా, తోలు తాతా! అందరూ చూస్తాండారు" అన్నాడు గిరీష్ తల వంచుకుని.

జేబులోంచి బెల్లం ముక్క తీసి కిటికీలోంచి అందించాను.

"ఢామన్నాక బెల్లం పెట్టాల నాయనా. వానికి అలవాటు. పేల్చింది నువ్వు గదా, నీ చేత్తో పెట్టు. అంతవరకూ కదలడు."

గిరీష్ దిగాడు. చేయి చాచాడు. కాటుక తొందరపడలేదు. ముందు అరచెయ్యంతా నాకి, మణికట్టు దాకా నాకి, అప్పుడు బెల్లం అందుకున్నాడు.