మాడిన వైపు

పెద్దమ్మ చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లి ఇస్త్రీపెట్టె ఆనించింది. కాలరు, భుజాలు, చేతులు, వీపు. ఆ వరస ఆమె చేతులకు నిద్రలోనూ తప్పదు. లాండ్రీలో చేరినప్పుడు నల్లగా ఉన్న జడ ఆ ఆవిరిలోనే తెల్లబడింది. పిడి పట్టీ పట్టీ కుడి బొటనవేలు బయటికి వంగింది. పెళ్ళి కాలేదు. చెల్లెలి ఇంట్లోనే వయసు గడిచింది. చెల్లెలి కూతురు పిలిచే పిలుపే వీధిలో అందరి నోటా పేరయింది.

ఇవాళ మాత్రం చేతులు ఒకచోట, మనసు ఒకచోట.

ఇంట్లో ప్రతి శనివారం సాయంత్రం పేకాట. చెల్లెలు, మరిది, వాళ్ళ కూతురు, అల్లుడు. పెద్దమ్మను కూర్చోనివ్వరు, వెనకాల నిలబడనివ్వరు కూడా. ఎవరి చేతిలో ఆసు కనిపించినా ఆమె మొహం వెలిగిపోతుంది, అవతలివాళ్ళు పట్టేస్తారు. అందుకే ఆమె వంటింట్లోంచి వింటుంది. ఇవాళ అల్లుడికి సాయంత్రం డ్యూటీ పడింది.

“నాలుగో చెయ్యి నువ్వే పెద్దమ్మా. ఏ ఆట ఆడాలో కూడా నువ్వే చెప్పు,” అంది పొద్దున అమ్మాయి.

అప్పటినుంచీ మనసులో తూకమే. ఆఠీన్లు తప్పించుకునే ఆటయితే ఎవరికి వారే. మొహం బయటపెట్టినా మునిగేది తనొక్కతే. తురుపు ఆటలో జతలుంటాయి, తన జత అమ్మాయి. తనతోపాటు అమ్మాయీ మునుగుతుంది, ఇక మళ్ళీ పిలవరు. కానీ ఎదురుగా ఒక మనిషి కూర్చుని తన ముక్క కోసం ఎదురుచూస్తుంది.

“ఏంటక్కా, పెట్టెతో ముచ్చట్లా?” అన్నాడు పక్కన దుప్పట్లు మడతపెట్టే అతను.

“తురుపు ఆడనా, ఆఠీన్లు ఆడనా?”

“నీ మొహంతో దాగుడుమూతలే ఆడలేవు.”

నవ్వేసింది. మధ్యాహ్నం, పేకాట బల్ల మీద పరవడానికి ఇంటినుంచి తెచ్చిన తెల్లగుడ్డ తీసింది. గంజి పెడితే ముక్కలు సాఫీగా జారుతాయి. తురుపు ఆసు ఎప్పుడు దించాలా అని ఆలోచిస్తూ పెట్టెను గుడ్డమీదే మరిచిపోయింది. ఎత్తేసరికి అంచున పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. ఇన్నేళ్ళలో మాడ్చింది ఇదొక్కటే, అదీ తన గుడ్డే.

సాయంత్రం ఆ మచ్చ తనవైపు వచ్చేలా పరిచి, ఊపిరి బిగబట్టి చెప్పింది. “తురుపే.”

“వదినా, ఇక ముక్కలు తిప్పి చూపించక్కర్లేదు, నీ మొహం చాలు,” అన్నాడు మరిది.

ఇస్పేటు తురుపయింది. పెద్దమ్మ చేతిలో ఇస్పేటు ఆసు. బుగ్గలు వేడెక్కబోతుంటే చటుక్కున మచ్చ మీదికి చూపు దించింది. మాడిన గుడ్డ గుర్తొచ్చి మొహం ముడుచుకుంది. ఆట అంతా అక్కడే చూసింది. చివరి పట్టుకి ఇరుపక్షాలూ సమానం. మరిది ధీమాగా ఇస్పేటు రాజు కొట్టాడు.

“ఆసు మా ఆవిడ దగ్గరే. వదిన దగ్గరుంటే ఈపాటికి దీపావళే.”

పెద్దమ్మ ఆసు దించింది. అప్పుడు తలెత్తింది. ఆ మొహం చూసి చెల్లెలు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

“వచ్చేవారం కూడా నువ్వే నా జత. మా ఆయన్ని టీ పెట్టమందాం,” అంది అమ్మాయి.

ఆ వారం మధ్యలో, నిద్రలోనే, పెద్దమ్మ వెళ్ళిపోయింది.

చాలా శనివారాల తర్వాత అమ్మాయి మళ్ళీ ఆ గుడ్డ పరిచింది. అల్లుడు మచ్చ ఉన్న వైపు కూర్చోబోయి, కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు. ముక్కలు పంచారు. పెద్దమ్మ కూర్చున్న అంచున, మొన అమ్మాయి వైపు తిరిగి, ఇస్త్రీపెట్టె మచ్చ.