రేకుడబ్బాలో మరలు

మూలనున్న కంప్యూటరు ఆ పొద్దున కూడా గుర్రు పెడుతోంది. మేస్త్రి దాన్ని ఆపేసి, నేలమీద గొంతుక్కూర్చుని, పక్కరేకు ఊడదీశాడు. నాలుగు మరలూ ఎడమ అరచేతిలో పడ్డాయి. కిందపడితే వెతుక్కోవడానికి ఈమధ్య కళ్లు సహకరించడం లేదు. అందుకని వాటిని జాగ్రత్తగా దగ్గుబిళ్లల రేకుడబ్బాలో వేసి మూత నొక్కాడు. లోపల ఫ్యాను రెక్కలకు బూడిదరంగు దుమ్ము అట్టకట్టి ఉంది. కుంచెతో దులిపి, ఇరుసులో చుక్క నూనె వేసి, వేలితో తిప్పాడు. అది రెండు చుట్లు తిరిగి, మూడోదానికి బద్ధకించి ఆగిపోయింది.

"ఈ ఒక్కపూట ఓపిక పట్టవే తల్లీ. సాయంత్రానికి నీకు విముక్తి," అన్నాడు దానితో.

తొమ్మిది కాలేదు. సిబ్బంది ఇంకా రాలేదు. ఆ హాల్లో నలభై రెండు బల్లలు, బల్లకొక కంప్యూటరు. ఊరంతటికీ నీళ్లు తీసుకెళ్లే గొట్టాలు ఏ వీధికింద ఎంత లోతున ఉన్నాయో పటాలు గీసే కార్యాలయం అది. పటాలు గీసేవాళ్లు గీస్తారు, సంతకాలు పెట్టేవాళ్లు పెడతారు. ఆ కంప్యూటర్లు మొరాయించకుండా చూడటం మేస్త్రి పని. అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉంది. ఎప్పుడు చూసినా మరలు విప్పుతూనో బిగిస్తూనో కనిపిస్తాడని ఎవరో సరదాకి మేస్త్రి అన్నారు. ఆ సరదా పదకొండేళ్లుగా నడుస్తోంది.

ఆ పదకొండేళ్లూ కాంట్రాక్టే. ఏటేటా ఒక కాగితం వస్తుంది, దానిమీద సంతకం పెడతాడు, ఇంకో ఏడాది గడుస్తుంది. పర్మినెంటు సంగతి ఎత్తినప్పుడల్లా పెద్దసారుది ఒకటే పాట. "కొత్త కంప్యూటర్లు రానీ మేస్త్రీ. వాటితోపాటు నీ కాగితం కూడా కదిలిస్తాను." అది అరచేతిలో వైకుంఠం అని మేస్త్రికి తెలియదా అంటే, తెలుసు. కానీ నమ్మకపోతే పొద్దున్నే లేచి ఎలా రావడం?

ఆ కొత్తవి ఇన్నాళ్లు రాకపోవడానికి మాత్రం కారణం పెద్దసారు కాదు, మేస్త్రే. మూడేళ్ల కిందట డబ్బు మంజూరైంది. కొనేద్దామన్నారు. మేస్త్రి అడ్డం పడ్డాడు. "సార్, ప్రాసెసర్ల తరం మారుతోంది. ఇప్పుడు కొన్నవి రెండేళ్లలో అనాథలవుతాయి. ఒక్క రెండేళ్లు ఆగండి," అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి జీవితంలో ఒక్కసారి గట్టిగా మాట్లాడితే అందరూ విన్నారు. ముందుగా ల్యాప్‌టాపులు మారాయి. డెస్క్‌టాపులు మారడానికి మరో ఏడాది. పాత ప్రోగ్రాముల్ని కొత్త ప్రాసెసర్‌కి అర్థమయ్యేలా చెప్పే దుబాసీ ప్రోగ్రాము ఒకటి కుదురుకోవడానికి ఇంకో ఏడాది. ఆ మూడేళ్లూ మేస్త్రి కళ్లలో వత్తులు వేసుకుని ప్రతి ప్రకటనా చదివాడు. చచ్చిన యంత్రం గుండె తీసి బతికున్నదానికి పెట్టి, నలభై రెండింటినీ నెట్టుకొచ్చాడు. పనికొచ్చే ప్రతి మరా రేకుడబ్బాలో చేరింది.

ఇంట్లోనూ అదే మాట చెప్పాడు. ఆగు, ఇంకొన్నాళ్లు ఆగు. వాళ్లది మూడంతస్తుల ఇంట్లో పై వాటా. లిఫ్టు లేదు. భార్యకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆపరేషను తప్పదన్నాడు డాక్టరు. పర్మినెంటు సిబ్బంది ఇంట్లోవాళ్లకి కార్యాలయం ఆపరేషను ఖర్చు భరించే ఆస్పత్రి కార్డు ఇస్తుంది. కాంట్రాక్టువాళ్లకి ఇవ్వదు. ఆవిడ మెట్లు దిగి ఎనిమిది నెలలైంది. ఆయన సాయంత్రం ఎక్కి వస్తుంటే సంచిలో మరల డబ్బా గలగలమంటుంది. ఆ చప్పుడు రెండో అంతస్తుకి చేరగానే ఆవిడ గోడ పట్టుకుని లేచి గడియ తీస్తుంది. ఆయన గుమ్మం ముందుకొచ్చేసరికి తలుపు తెరిచి ఉంటుంది. తలుపు తట్టిన రోజంటూ లేదు.

ఇవాళ బయల్దేరుతుంటే కూడా ఆవిడ మంచం మీదనుంచే వేళాకోళమాడింది.

"మీ మహారాణులు ఇవాళైనా వేంచేస్తారా?"

"లారీ బయల్దేరిందట. పది గంటలకి వచ్చేస్తాయి."

"అయితే డాక్టరుకి ఫోన్ చేసి రోజు అడగనా?"

"సాయంత్రం చేద్దువుగాని. ఒక్కపూటేగా," అన్నాడు.

లారీ పదింబావుకి వచ్చింది. అట్టపెట్టెలు గోడవారన నడుము ఎత్తున పేర్చారు. మేస్త్రి చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి పెట్టె తనే తెరిచాడు. కొత్త ప్లాస్టిక్ వాసన ముఖానికి తగిలింది. డెస్క్‌టాపు పెట్టె రెండు పుస్తకాలంత ఉంది, అంతే. తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు. ఎక్కడా మర లేదు. అంచు వెంట గోరు పోనిచ్చి చూశాడు, సందు కూడా లేదు. మెమరీ లోపలి పలకకే అతికించేశారని, ఫ్యాను అసలే లేదని ముందే చదివాడు. అయినా చేత్తో తడిమి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. స్విచ్చి నొక్కితే చప్పుడు లేకుండా వెలిగింది. వెనక చెయ్యి పెట్టి చూశాడు. వేడి లేదు.

"అబ్బ!" అన్నాడు పైకే. తాను ఆగమన్నందుకు ఇన్నాళ్లూ సణిగిన ప్రతివాడినీ పిలిచి, ఇదిగో ముట్టుకో నాయనా అని చెప్పాలనిపించింది.

మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. పాతవాటిలోని పటాలన్నీ కొత్తవాటిలోకి ఎక్కించాలి. ఒక తీగ తగిలించి, ఎంత ఎక్కిందో తెరమీద చూపే గీత చివరికి వచ్చేదాకా నిలబడి, తప్పులు లేవని సరిచూసి, పాతదాన్ని తుడిచి, బండి మీద పెట్టి వరండాలోకి తోయాలి. ఆ హాల్లో అందరూ పటాలావిడ అని పిలిచే ఉద్యోగినిది అన్నిటికంటే పెద్ద ఫైలు, ఊరి మొత్తం పటం. పాత యంత్రం మీద దాన్ని తెరవమని నొక్కి, ఆవిడ వెళ్లి మొహం కడుక్కుని వచ్చేది. వచ్చాక కూడా అది తెరుచుకునేది కాదు. ఇవాళ నొక్కింది. రెప్ప వేసేలోపు గొట్టాలూ వాల్వులూ తెరనిండా పరుచుకున్నాయి. ఆవిడ కుర్చీలోంచి లేవబోయి, లేవాల్సిన పనిలేదని గ్రహించి నవ్వింది.

"మేస్త్రిగారూ, మీ నోట్లో చక్కెర పొయ్యాలి. మూడేళ్లు ఆపినా నిజమే చెప్పారు."

"నాదేముందమ్మా. రోజులు అలా మారాయి," అన్నాడు. కానీ ఆ మాటకి లోపల పొంగిపోయాడు. పొంగిపోడూ మరి? పదకొండేళ్లలో ఆ హాల్లో ఎవరైనా ఆయన్ని మెచ్చుకోవడం అదే మొదటిసారి.

భోజనాల వేళ భార్య ఫోన్ చేసింది.

"వచ్చాయా?"

"వచ్చాయి. నువ్వు చూడాలి, ఎంత బాగున్నాయో!"

"నేనెలా చూస్తానండీ, మెట్లు దిగందే," అని నవ్వింది. "పెద్దసారు ఏమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదు. నాలుగింటికి రమ్మన్నారు."

నాలుగింటికి వెళ్లాడు. పెద్దసారు గదిలో కొత్త ల్యాప్‌టాపు అప్పుడే బల్లమీద తెరిచి ఉంది. ఆయన దాని మూత రెండుసార్లు మూసి తెరిచి, "చీమ నడిచిన చప్పుడైనా లేదు మేస్త్రీ," అన్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్లమీద ఇటువైపు తిప్పి పెట్టాడు. అది పాత మంజూరు మురిగిపోయాక మేస్త్రి స్వయంగా రాసిన కొనుగోలు ప్రతిపాదన. నాలుగు నెలల కిందటిది. పైవాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. అప్పుడు పెద్దసారే, "ఖర్చు తగ్గుతుందన్న మాట ఏదో ఒకటి గట్టిగా రాయి. వాళ్లకి అదే కనిపిస్తుంది," అన్నాడు. మేస్త్రి రెండు రాత్రులు ఆలోచించి చివర్లో మూడు వాక్యాలు చేర్చాడు. వాటికింద ఇప్పుడు ఎవరో ఎర్రసిరాతో గీత గీశారు.

'వీటిని విప్పే వీలు లేదు, విప్పవలసిన అవసరమూ రాదు. చెడితే తయారీవారే మార్చి ఇస్తారు. మరమ్మతుల కోసం మనిషిని పెట్టుకోనక్కరలేదు.'

మేస్త్రి తన అక్షరాల్ని తనే చదువుకున్నాడు. రాసేటప్పుడు ఆయన మనసులో ఉన్న మనిషి వేరు. ఫోన్ చేస్తే మూడు రోజులకి వచ్చి, పావుగంట కూర్చుని, చేతకాదని చెప్పి వెళ్లే బయటి మెకానిక్కు. ఆ మెకానిక్కు పీడ విరగడవుతుందనే ఉత్సాహంతో రాశాడు. మరమ్మతుల కోసం పెట్టుకున్న మనిషి ఆ కార్యాలయంలో ఇంకొకడు ఉన్నాడని, వాడు తనేనని, ఆ రెండు రాత్రుల్లో ఒక్కసారీ తట్టలేదు. తట్టదు. ఏ మనిషికి తడుతుంది?

"పైవాళ్లు చాలా మెచ్చుకున్నారయ్యా," అన్నాడు పెద్దసారు ఎటో చూస్తూ. "నువ్వు రాసిందాన్ని బట్టే నిర్ణయం తీసుకున్నారు. ఈ ఏడు నీ కాంట్రాక్టు పొడిగించడం లేదు. ఇవాళ్టితో ఆఖరు."

"ఇవాళ్టితోనా సార్?"

"పని కూడా ఇవాళ్టితో అయిపోతోందిగా."

మేస్త్రి పర్మినెంటు మాట గుర్తుచేయాలనుకున్నాడు. మీరే కదా రాయమన్నారు అనాలనుకున్నాడు. నోటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"మా ఆవిడ మోకాళ్లు సార్... ఆస్పత్రి కార్డు..."

"అది సిబ్బందికి కదా మేస్త్రీ," అన్నాడు పెద్దసారు మెత్తగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "పోనీ ఒక పని చెయ్యి. పాత కంప్యూటర్లు రేపు తుక్కులోకి పోతున్నాయి. నీక్కావాలంటే మంచిది చూసి ఒకటి పట్టుకెళ్లు. నేను చెప్పానని చెప్పు."

అక్కడితో ఆయన చేతులు దులుపుకున్నాడు. ల్యాప్‌టాపు మూత ఇంకోసారి మూసి తెరిచాడు.

హాల్లోకి వచ్చేసరికి ఒకే ఒక్కటి మిగిలి ఉంది. పొద్దున నూనె వేసిన మూల కంప్యూటరు. వదిలేసి వెళ్లిపోతే ఆ బల్లవాడి ఆరేళ్ల పటాలు గంగలో కలుస్తాయి. కలవనీ! నాకేం పట్టింది? అని ఒక్క నిమిషం నిజంగానే అనుకున్నాడు మేస్త్రి. సంచి భుజాన వేసుకుని గుమ్మందాకా వెళ్లాడు కూడా. మళ్లీ వెనక్కి వచ్చి తీగ తగిలించాడు. గీత మెల్లగా పాకుతుంటే దాని పక్కనే నిలబడ్డాడు. ఫ్యాను గుర్రు పెట్టినప్పుడల్లా పెట్టె నెత్తిన అరచెయ్యి ఆనించి అదిమాడు. అలా అదిమితే అది కాసేపు ఊరుకుంటుంది. ఆ కిటుకు ఆ కార్యాలయంలో ఆయనొక్కడికే తెలుసు, రేపటినుంచి ఎవరికీ అక్కర్లేదు.

ఫైళ్లన్నీ సరిచూశాడు. పాతదాన్ని తుడిచి, తీగలు పీకాడు. పక్కరేకు ఇంకా ఊడే ఉంది. మరలు తీద్దామని డబ్బా బయటికి తీశాడు. తుక్కులోకి పోయేదానికి మరలెందుకు? రేకుని ఊరికే ఆనించి, బండి మీద పెట్టి, వరండాలో మిగతా నలభై ఒక్కటి పక్కకి తోశాడు. డబ్బాని ఒకసారి చేతిలో బరువు చూసుకుని, మూల బల్ల పక్కన కిటికీ గట్టుమీద పెట్టాడు.

"ఇక మీకు హాయే మేస్త్రిగారూ," అంది పటాలావిడ సంచి సర్దుకుంటూ. ఆవిడకి ఏమీ తెలియదు. "రేపటినుంచి కాలుమీద కాలేసుకుని కూర్చోవచ్చు."

"అంతే కదమ్మా," అన్నాడు.

హాజరుపట్టీలో వెళ్లే వేళ రాసి, సంతకం చేసి, పెన్ను దారంతో కట్టిన చోటే మళ్లీ పెట్టాడు. కాపలామనిషి అలవాటుగా చెయ్యెత్తాడు. మేస్త్రీ చెయ్యెత్తి గేటు దాటాడు.

ఇంటి మెట్లు మెల్లగా ఎక్కాడు. మొదటి అంతస్తు, రెండో అంతస్తు. మూడోదానిమీద తలుపు మూసి ఉంది. అక్కడ నిలబడ్డాక గాని మూసి ఎందుకుందో ఆయనకి అర్థం కాలేదు. వేళ్ల కణుపులతో తలుపు కొట్టాడు.

"ఎవరూ?" అంది భార్య లోపలినుంచి.

ఈ ఇంట్లోకి వచ్చాక ఆవిడ ఆయన్ని ఆ మాట అడగడం అదే మొదలు.

"నేనే."

మంచం కిర్రుమంది. ఒక కాలు ఈడ్చిన చప్పుడు, ఆగడం, మళ్లీ ఈడ్చిన చప్పుడు. గడియ తీసింది. ఆవిడ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. చేతిలో ఫోను ఉంది. ఆయన ముఖం వైపు చూసింది. తర్వాత సంచి వైపు చూసింది.

"డబ్బా ఏదండీ?"

"కొత్తవాటికి మరలుండవు," అన్నాడు.

ఆవిడ గుమ్మం పక్కనున్న పీటమీద, రెండు చేతులూ ఆనించుకుని, నెమ్మదిగా కూలబడింది. మోకాళ్లని అరచేతులతో కప్పుకుంది. ఆయనతో కాకుండా, గోడతో అన్నట్టు అంది.

"మీరు ఆగమన్నారని ఆగాను."

ఆయన చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ చేతిలోని ఫోను పక్కన నేలమీద పెట్టింది, బోర్లా.

మర్నాడు వరండాలోని పాత యంత్రాల్ని తుక్కులారీ పట్టుకుపోయింది. హాలు ఊడ్చే ఆవిడ కిటికీ గట్టు తుడుస్తూ రేకుడబ్బా ఎత్తి, గలగలలాడించి, "ఇదెవరిదమ్మా?" అంది. పటాలావిడ తెరమీదనుంచి కళ్లు తిప్పకుండా, "మేస్త్రిగారిదై ఉంటుంది, ఉంచు, వస్తారుగా," అంది. ఊడ్చే ఆవిడ గట్టు తుడిచి, డబ్బాని ఉన్నచోటే పెట్టింది. దాంట్లోనే ఉన్నాయి, నిన్న పొద్దున విప్పిన నాలుగు మరలు, ఒకదానికి ఇంకా కొంచెం నూనె అంటుకుని.