ఎముకలకి క్రాప్ హాలిడే

మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ముందు రొయ్యల డాక్టరుకు చెబుతారు. మనుషుల డాక్టర్లు అమలాపురంలో ఉంటారు. రొయ్యల డాక్టరు నాగదుర్గాప్రసాద్ మాత్రం పొద్దున్నే మోటారు సైకిలేసుకుని మా అల్లవరం చెరువుగట్ల మీదకే వస్తాడు. పిలిస్తే పలుకుతాడు, కాఫీ ఇస్తే తాగుతాడు. తెలియదన్న మాట ఇంతవరకు అతని నోట రాలేదు. అలాంటివాడు దొరకడం మన అదృష్టమని మా అబ్బాయి మంగరాజు అంటాడు. వాడికి రొయ్యల చెరువులున్నాయి. వాడి దృష్టిలో ప్రాణమున్న ప్రతిదీ ఒక రకం రొయ్యే, కన్నతల్లితో సహా.

నా పేరు కామాక్షి. నా నడుం ఎలా విరిగిందో ముందు చెప్పాలి. పడలేదు, జారలేదు, బరువెత్తలేదు. తుమ్మాను. ఆ ఉదయం మంగరాజు రొయ్య పిల్ల తేవడానికి బయలుదేరుతున్నాడు. వాడు గడప దాటబోతుండగా నాకు తుమ్మొచ్చింది, అదీ ఒంటి తుమ్ము. నడుములో ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు ఫటుక్కుమంది. ఉన్నచోటే గోడవారన కూలబడ్డాను. ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చారు, వాడి దగ్గరికి. ఎంత అపశకునమని వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాసేపాగి వెళ్లమన్నారు. వాడు కూర్చున్నాడు, తాగాడు, లేచి వెళ్లాడు. నేను లేవలేదన్న సంగతి ఆ తర్వాత మా కోడలు రమ్యశ్రీ కనిపెట్టింది.

అక్కణ్ణుంచి నెలల తరబడి మంచం. నొప్పి సంగతి చెప్పను, నొప్పి ఎవరికైనా నొప్పే. కానీ దొడ్లోకి వెళ్లాలంటే కోడల్ని కేకెయ్యాలి. ఆ పిల్ల తినే అన్నం కంచంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను లేపేది. ఒక్కనాడూ మొహం చిట్లించలేదు, అయినా నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మళ్లీ ఆ మంచం ఎక్కడమంటే నాకున్నంత భయం చావంటే కూడా లేదు.

అమలాపురంలో ఎముకల డాక్టరు కృష్ణమూర్తి గారు ఫొటోలు తీయించి, ఎముకలు గుల్లబారాయని చెప్పి, రెండేళ్లపాటు రోజూ చేసుకోవాల్సిన ఇంజెక్షను రాశారు. పెన్నులా ఉంటుంది, పొట్ట మీద మనమే పొడుచుకోవాలి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. మా ఫ్రిజ్‌లో అప్పటికే చెరువులో కలిపే మందులుండేవి. వాటిని పక్కకు నెట్టి నా పెన్ను పెట్టాను. పండగని లేదు, పబ్బమని లేదు, రోజూ పొడుచుకున్నాను. లేచాను, నడిచాను, నా చీర నేనే ఉతుక్కున్నాను.

రెండేళ్లూ పూర్తయ్యాక మంగరాజు నన్ను కారులో తీసుకెళ్లాడు. కృష్ణమూర్తి గారు కొత్త స్కానింగు చూసి సంతోషించారు. తర్వాత కళ్లజోడు తీసి, అసలు మాట చెప్పారు.

"ఈ ఇంజెక్షను ఎముకని పెంచిందండీ. దీన్నింక ఆపేస్తాం. కానీ పెరిగింది నిలబడాలంటే వెంటనే ఇంకో మందు మొదలెట్టాలి. ఊరికే వదిలేస్తే ఏడాది రెండేళ్లలో వచ్చిందంతా పోద్దండి."

దానికి మూడు దారులన్నారు. వారానికో మాత్ర, ఆరునెలలకో ఇంజెక్షను, ఏడాదికో సెలైను. దేని మంచిచెడ్డలు దానివి, ఇంట్లో మాట్లాడుకుని తొందరగా రమ్మన్నారు. పాపం, మా ఇల్లు ఆయనకు తెలియదు. ఆయన చెబుతున్నంతసేపూ మంగరాజు ఫోనులో రొయ్యల రేటు కనుక్కుంటున్నాడు. వాడి చెవిన పడింది 'పెరిగింది' అన్న ఒక్క ముక్కే. దారి పొడవునా అందరికీ ఫోన్లు చేసి, అమ్మ కోర్సు అయిపోయిందని, ఎముక బ్రహ్మాండంగా పెరిగిందని చెప్పాడు. కిలోకి ఇన్ని రొయ్యలన్న కౌంటు బాగా వచ్చిన పంట గురించి చెప్పినట్టే చెప్పాడు.

మందు మిగిలే ఉందిరా అని నేను మొత్తుకోగా మొత్తుకోగా, మా వరండాలో సభ జరిగింది. మంగరాజు, నాగదుర్గాప్రసాద్, మా మరిది గోవిందరాజులు పెద్దమనుషులు. గోవిందరాజులు మస్కట్‌లో ఒక ఆసుపత్రి స్టోరులో సామాన్లు సర్ది వచ్చాడు. అందుకని మా వీధికి అతను సగం డాక్టరు. మిగతా సగం నాగదుర్గాప్రసాద్. ఇద్దరూ కలిసి కూర్చున్నారంటే పూర్తి డాక్టరు కూర్చున్నట్టే లెక్క.

గోవిందరాజులు ముందు అందుకున్నాడు. వారం మాత్ర గొంతులో అడ్డం పడి పుండు చేస్తుందట. సెలైను పెట్టించుకున్నవాళ్లకి దవడ ఎముక కుళ్లిపోతుందట, మస్కట్‌లో తను కళ్లారా చూశాడట. స్టోరు గదిలో దవడలెలా కనిపించాయని నేను అడగలేదు. నాగదుర్గాప్రసాద్ నా స్కానింగు కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు. రొయ్యకి పెంకు మెత్తబడితే సున్నమూ మినరల్సూ చల్లుతామని, మనిషికైనా అంతేనని తేల్చాడు. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు తోడేసి ఎండగట్టి కొన్నాళ్లు ఖాళీగా ఉంచకపోతే తర్వాతి పంటకు జబ్బులొస్తాయి కదా, ఒంటికైనా అదే సూత్రమన్నాడు.

"రెండేళ్లు ఆపకుండా మందు తోలేరు కదండీ. ఇప్పుడు పెద్దమ్మగారి ఎముకలకి క్రాప్ హాలిడే ఇవ్వాలండి" అన్నాడు.

మా కోనసీమలో ఒకప్పుడు వరి గిట్టుబాటు కాక రైతులు పంట వెయ్యబోమని భీష్మించుకున్నారు. అప్పటినుంచీ ఆ మాట ఇక్కడ పిల్లల నోళ్లలో కూడా నానుతోంది. దాన్ని నా నడుముకు తగిలించగానే సభంతా తలలూపింది. డాక్టరు అలా చెప్పలేదు, ఆపితే పెరిగింది పోతుందన్నాడు అని నేను గడపలోంచి అన్నాను. మంగరాజు ఎంతో ప్రేమగా నా వైపు తిరిగాడు.

"నువ్వూరుకోమ్మా, నీ గురించే మాట్లాడుతున్నాం" అన్నాడు.

నిజమే. నా గురించి మాట్లాడుతున్నప్పుడు నేను అడ్డురావడం మర్యాద కాదు. లోపలికొచ్చి చింతపండు నానబెట్టుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ చింతపండును ఎంత కసిగా పిసికానంటే, ఆ పూట పులుసు తిన్నవాళ్లందరికీ పళ్లు పులిశాయి.

సభ తీర్మానం రెండు ముక్కలు. ఒకటి, మందు ఇప్పట్లో వద్దు. రెండు, నల్లేరు. మర్నాటి నుంచి ఊళ్లో ఏ కంచె మీదున్న నల్లేరైనా మా ఇంటికే చేరింది. ఎముకలు అతుక్కుంటాయని ఒకరు కట్టకట్టి పంపారు, ఇంకొకరు ఏకంగా పచ్చడి చేసి తెచ్చారు. నల్లేరు పచ్చడి నాకూ ఇష్టమే, వేడన్నంలోకి. ఆ తెచ్చినావిడ సరిగ్గా వేయించలేదు. రెండ్రోజులు గొంతు దురద. దురదకు కారణం ఏమిటని నాగదుర్గాప్రసాద్‌ని అడిగారు. ఒంట్లో చెడు బయటకు పోతోందని చెప్పాడు. ఇక నా ఎముకల సంగతి నల్లేరు మీద బండి నడకేనని మంగరాజు నిశ్చింతగా ఉన్నాడు. నాకు మాత్రం తుమ్ము వస్తుందేమోనని భయం. పోపు పెట్టేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఒక చేత్తో వంటింటి గట్టు పట్టుకుని కానీ దగ్గేదాన్ని కాను.

అలా రోజులు గడుస్తుండగా వాయుగుండం కబురొచ్చింది. అంతకు ముందే మంగరాజు ఓడలరేవు రోడ్డు వైపు చెరువుకు పొక్లెయినుతో గట్టు ఎత్తు చేయించాడు. ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి, గట్టు మీద కప్పడానికి బరకాలు కావాలని కనిపించినవాడికల్లా ఫోను చేస్తున్నాడు. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను.

"గట్టు వేసేసేవు కదరా, మళ్లీ బరకాలెందుకు?" అన్నాను.

"పచ్చి మట్టమ్మా. ఎత్తడం ఒక పని, నిలబెట్టడం ఇంకో పని. కప్పకుండా వదిలేస్తే వానకి జారిపోయి మళ్లీ మొదటికొచ్చేద్ది. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే."

"కొన్నాళ్లు గట్టుకి క్రాప్ హాలిడే ఇవ్వరాదూ?"

వాడు నా వంక జాలిగా చూశాడు. "గట్టుకి హాలిడే ఏంటమ్మా, ఎవరైనా వింటే నవ్వుతారు."

"నా నడుమూ పచ్చి మట్టేరా. ఎత్తడం అయింది. నిలబెట్టే మందు ఏదని ఆ డాక్టరు అడిగేడు. నువ్వు ఇప్పుడు చెప్పిన మాటే ఆయనా చెప్పేడు."

మంగరాజు ఫోను దించి నా నడుం వైపు చూశాడు. బుర్రకెక్కిందని నేను సంబరపడ్డాను. అంతలో ఫోను మోగింది. బరకాలు అమలాపురంలో దొరికాయట. వాయుగుండం వెళ్లాక చూద్దాంలే అమ్మా అని బండెక్కాడు. గట్టుకు ఆ రోజే కప్పాలి. అమ్మకు మాత్రం వానలు వెలిశాక.

అప్పుడు తెలిసొచ్చింది నాకు. వీడికి అర్థం కాకపోవడం కాదు, అర్థమైనా వాడి వరసలో నా నడుం చెరువు తర్వాతే. ఇంకొకరు వచ్చి నిర్ణయిస్తారని కూర్చుంటే నేను మళ్లీ ఆ మంచం మీదే తేలతాను.

మర్నాడు పొద్దున్నే స్కానింగు కాగితాలు చేతిసంచిలో పెట్టుకుని, చినుకుల్లోనే ఆటో మాట్లాడుకున్నాను. ఎక్కబోతుంటే లోపల అప్పటికే రమ్యశ్రీ కూర్చుని ఉంది, గొడుగుతో సహా. సభ జరిగినంతసేపూ కాఫీలు అందించి ఒక్క ముక్క మాట్లాడని పిల్ల. నీకెందుకమ్మా ఈ వానలో శ్రమ, వాడికి తెలిస్తే కోప్పడతాడు అన్నాను.

"మీకు మళ్లీ విరిగితే లేపేది ఆయన కాదు కదండీ అత్తయ్యగారూ, నేను" అంది.

అంత ముక్కుసూటి మాట మా ఇంట్లో అంతవరకు వినలేదు. నాకు కోపం రాలేదు సరికదా, ఆ పిల్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. జరిగి కూర్చోమన్నాను.

ఇంట్లో ఏం అనుకున్నారని కృష్ణమూర్తి గారు అడిగారు. ఇంట్లోవాళ్లు చాలా అనుకున్నారండీ, నడుం నాది కనుక నేను వచ్చానన్నాను. ఆయన నవ్వి, ఈసారి నాకే చెప్పుకొచ్చారు. వారం మాత్ర పరగడుపున గ్లాసుడు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా, కాఫీ కూడా ముట్టకుండా ఉండాలి. గుండెల్లో మంట ఉన్నవాళ్లకి అది అంతగా పడదట. నాకు ఆ మంట పాత చుట్టం. ఆరునెలల ఇంజెక్షను మంచిదే, కానీ తారీఖు దాటనివ్వకూడదట. మధ్యలో మానేస్తే వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరిగే ప్రమాదముందట. రమ్యశ్రీ, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గ్యాసు బండ అయిపోయి, పొయ్యి ఆరిపోయాక బుక్ చేసే ఇల్లు మాది. దవడ సంగతి కూడా అడిగాను. ఎక్కడో నూటికో కోటికో ఒకరికి జరుగుతుంది, అందుకే ముందు పళ్లు చూపించుకోవాలన్నారు. నాకు ఊగుతున్న దంతం ఒకటుంది.

"సెలైనేనండీ" అన్నాను. "ఏడాదికోసారైతే నన్ను నేనే తీసుకొచ్చుకుంటాను."

దంతం పీకించుకున్నాను, పుండు మానేదాకా ఆగాను. రక్త పరీక్షలో కిడ్నీలు బాగున్నాయని తేలాక ఒక ఉదయం పడక కుర్చీలో కూర్చుని సెలైను పెట్టించుకున్నాను. పక్కన రమ్యశ్రీ పల్లీలు తింటూ కూర్చుంది. జ్వరం రావచ్చని డాక్టరు ముందే చెప్పారు. వచ్చింది, ఒళ్లు నొప్పులతో సహా. సభ మళ్లీ కూడింది. చెప్పామా లేదా అన్నాడు గోవిందరాజులు. చెరువు ఎండగట్టకుండా నీళ్లు పెడితే ఇంతే అన్నాడు నాగదుర్గాప్రసాద్. జ్వరం దానంతటదే దిగిపోయింది. సభకు మాత్రం జ్వరం చాలారోజులు దిగలేదు. బరకాలు కప్పిన గట్టు చెక్కుచెదరలేదని, అంతా తన ముందుచూపేనని మంగరాజు ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటున్నాడు. నా నడుం గురించి ఎక్కడా ఎత్తడు.

మొన్న రొయ్య పిల్ల తేవడానికి మళ్లీ బయలుదేరాడు. అందరం వాకిట్లోనే ఉన్నాం. వాడు గడప దగ్గరికొచ్చేసరికి నా ముక్కు చిమచిమలాడింది. ఆపుకోబోయాను, నడుం మీద చెయ్యేసుకున్నాను, ఆగలేదు. ఒంటి తుమ్మే. ఇల్లంతా బిగుసుకుపోయింది. గోవిందరాజులు అలవాటు కొద్దీ కుర్చీ జరిపాడు.

మంగరాజు కుర్చీ వైపు పోలేదు. గిరుక్కున వెనక్కి తిరిగి, కాళ్ల దగ్గర్నుంచి తల దాకా నన్నే చూశాడు. "అమ్మా" అన్నాడు.

"నిలబడే ఉన్నానురా" అన్నాను. "నువ్వు కూర్చో. శకునం బాగోలేదు."

వాడు కూర్చున్నాడు. మంచినీళ్లు నేనే వెళ్లి తెచ్చిచ్చాను.